పొద్దుతిరుగుడు చేలో కలుపు: ఒక చర్చలో మూడు ప్రశ్నలు

పొద్దుతిరుగుడు సాగులో కలుపు గురించి తెలుగునాట నాలుగైదు దశాబ్దాలుగా సాగుతున్న చర్చ పైకి ఒకటిగానే కనిపించినా, దానిలో మూడు వేర్వేరు ప్రశ్నలు చిక్కుబడి ఉన్నాయి. చేలో మొలిచిన కలుపు నీటి కోసం, పోషకాల కోసం, వెలుతురు కోసం పైరుతో పోటీపడి దిగుబడిని ఎంత తగ్గిస్తుందన్నది మొదటి ప్రశ్న. చేలో కాక గట్ల మీద, కాలువ కట్టల మీద, బాటల పక్కన పెరిగే కలుపు వైరస్ తెగులుకు ఆశ్రయమై దానిని పైరుకు ఎలా చేరవేస్తుందన్నది రెండవది. వరి కోసిన మాగాణిలో ఈ పంట వేసినప్పుడు ముందు పంటల గింజలు, దుబ్బులు, కలుపు మందుల శేషాలు, పక్క చేలలో కొట్టే మందుల తుంపరలు దీనిని ఏం చేస్తాయన్నది మూడవది. మొదటి ప్రశ్నకు దొరికిన జవాబును రెండవదానికో మూడవదానికో అతికించడం వల్లనే ఈ చర్చలో సగం గందరగోళం పుట్టింది.

ఈ చిక్కును విడదీయవలసిన అవసరం కృష్ణా డెల్టాకు ఇప్పుడు ప్రత్యేకంగా ఏర్పడింది. 1852–55 మధ్య విజయవాడ దగ్గర కట్టిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ కలిసి దాదాపు 13 లక్షల ఎకరాలను మాగాణిగా మార్చాయి. ఈ నేలలో సార్వా వరి తరువాత మినుము, పెసర, ఇటీవలి కాలంలో మొక్కజొన్న రెండో పంటగా స్థిరపడగా, నీరు అందినచోట దాళ్వా వరి వేస్తున్నారు. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం 10,103 కోట్ల రూపాయలతో ఆమోదించిన నూనెగింజల జాతీయ మిషన్, వరి తరువాత ఖాళీగా ఉండే నేలలతో సహా మరో 40 లక్షల హెక్టార్లకు నూనెగింజలను విస్తరించాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ విస్తరణలో పొద్దుతిరుగుడు పేరు వినిపించిన ప్రతిచోటా కలుపు ప్రశ్న దాని వెంటే వస్తుంది.

పంట వచ్చిన దారి

పొద్దుతిరుగుడు పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడి ఆదివాసులు వేల ఏళ్ళ క్రితమే సాగులోకి తెచ్చిన ఈ మొక్కను గింజలో నూనె శాతం పెంచి పెద్ద నూనెపంటగా మలిచినవారు రష్యన్లు. క్రస్నోదార్‌లో పుస్తొవోయిత్ సాగించిన ఎంపిక కృషి ఇందులో ప్రసిద్ధమైనది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలోనే రష్యన్ ప్రజనన శాస్త్రవేత్తలు నూనె శాతంతోపాటు ఒక కలుపును కూడా లెక్కలోకి తీసుకోవలసివచ్చింది. వేళ్ళ మీద పరాన్నంగా బతికే ఒరబాంకి అక్కడి చేలను పాడుచేస్తున్నందున, దానిని తట్టుకునే రకాల కోసం వారు వెతికారు. అంటే ఈ పంటకు ఆధునిక రూపం వచ్చిన తొలినాటి నుంచే కలుపు దాని చరిత్రలో భాగంగా ఉంది.

భారతదేశానికి సోవియట్ రకాలు 1969లో వచ్చాయి. 1980లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం బి.ఎస్.హెచ్-1 అనే తొలి సంకర రకాన్ని విడుదల చేశాక సాగు వేగంగా పెరిగి, 1993–94 నాటికి దేశంలో 26 లక్షల హెక్టార్లు దాటింది. రాయలసీమ, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్ళు, తెలంగాణ మెట్టలు ఆ విస్తరణలో పెద్ద పాత్ర వహించాయి. ఆ తరువాత కథ తిరగబడి, ఇటీవలి సంవత్సరాలలో దేశం మొత్తం మీద విస్తీర్ణం మూడు లక్షల హెక్టార్ల లోపుకు పడిపోయింది. చౌకగా దిగుమతి అయిన నూనె, ధర నిలకడ లేకపోవడం, వైరస్ తెగులు ఇందుకు కారణాలుగా చెబుతారు. చుట్టుపక్కల ఎవరూ వేయని ఊరిలో ఒంటరిగా వేసిన చేను రామచిలకల పాలు కావడం కూడా చిన్న కారణమేమీ కాదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం నూనె ధరను ఒక్కసారిగా ఎగదోసినప్పుడు ఈ పంట మళ్ళీ గుర్తుకొచ్చింది. 2025–26కు కేంద్రం క్వింటాలుకు 7,721 రూపాయల మద్దతు ధర ప్రకటించింది.

చేలోపలి పోటీ: గుంటక పక్షం, మందు పక్షం

విత్తిన ఇరవయ్యో రోజున పొద్దుతిరుగుడు చేను చూస్తే మొదటి ప్రశ్న స్వభావం అర్థమవుతుంది. బరువు నేలల్లో సాళ్ళ మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 30 సెంటీమీటర్లు ఎడం పెడతారు గనుక, నాలుగారు ఆకుల మీద ఉన్న పైరు అప్పటికి నేలలో కొద్ది భాగాన్ని మాత్రమే కప్పుతుంది. మిగిలిన ఖాళీలో తెల్ల గలిజేరు తీగలు చాపలా పరుచుకుంటాయి. ఊద, గరిక, గునుగు, కుక్కవామింట, చెంచలికూర, గంగవాయిలి, వెన్నదేవికూర, గడ్డిచేమంతి నేలను బట్టి, తడిని బట్టి వంతులవారీగా లేస్తాయి. తుంగ మాత్రం ఎక్కడైనా ఉంటుంది. మరో మూడు వారాలకు పెద్ద ఆకులు సాళ్ళను కమ్మేశాక కొత్తగా మొలిచే కలుపుకు వెలుతురు అందదు. అందువల్ల కలుపు లేకుండా చూడవలసిన కాలం తొలి 30–45 రోజులే అన్న విషయంలో పక్షాల మధ్య తగాదా లేదు. ఆ రోజుల్లో కలుపును ఎలా తీయాలన్నదే తగాదా.

గుంటక పక్షం వాదం పాతది, బలమైనది. వెడల్పు సాళ్ళ పంటకు అంతరకృషి సహజంగా అమరుతుంది. విత్తిన 20–25 రోజులకు ఒకసారి, ఆపై పది పదిహేను రోజులకు మరోసారి గుంటక గాని దంతె గాని తోలితే కలుపు తెగడమే కాక నేల గుల్లబారి, పగుళ్ళు మూసుకుని, తడి ఆరకుండా నిలుస్తుంది. మొక్కల మొదళ్ళకు మట్టి ఎగదోస్తే బరువైన పువ్వు వచ్చాక గాలికి పడిపోకుండా ఉంటుంది. సాలులోపలి కలుపును మాత్రం చేత్తోనే తీయాలి. ఈ పద్ధతికి ఎడ్లు లేదా చిన్న ట్రాక్టరు, ఆరిన నేల, సమయానికి దొరికే కూలీలు కావాలి. మెట్టలో ఈ మూడూ కొంతవరకు సమకూరుతాయి. డెల్టాలో మాత్రం జనవరి నుంచి కూలీలకు దాళ్వా నాట్లు, ఆ వెనుకే గుంటూరు వైపు మిరప కోతలు ఉండగా, పొద్దుతిరుగుడు కలుపు తీతకు ముఠా దొరకడం రైతు చేతిలో ఉండదు.

మందు పక్షం ఇక్కడే నిలబడుతుంది. విత్తిన ఒకటి రెండు రోజుల్లో, నేల తడిగా ఉన్నప్పుడు పెండిమిథాలిన్ పిచికారీ చేయడం ఈ పంటలో ప్రధానమైన రసాయన పద్ధతి. మొలకెత్తుతున్న గింజలో కణవిభజనను అడ్డుకోవడం ద్వారా పనిచేసే ఈ మందు ఏకవార్షిక గడ్డిజాతుల మీద, చిన్న గింజల వెడల్పాకు కలుపు మీద బాగా పనిచేస్తుంది గాని, దుంపల నుంచి లేచే తుంగను ఏమీ చేయలేదు. పైరు మొలిచాక గడ్డిజాతి కలుపు మీద క్విజాలోఫాప్ వంటి మందులు ఉన్నాయి. వెడల్పాకు కలుపు విషయం వేరు. వయ్యారిభామ, గడ్డిచేమంతి, గుంటగలగర మొక్కలు పొద్దుతిరుగుడు కుటుంబానికే చెందినవి కావడంతో, వాటిని చంపే మందు సాధారణంగా పైరును కూడా చంపుతుంది. వరిలోనూ మొక్కజొన్నలోనూ వెడల్పాకు కలుపును తేలికగా వదిలించుకున్న రైతు ఈ పంటలో అదే సౌకర్యం ఆశించి నష్టపోవడం ఇందువల్లనే.

ఈ పక్షం చేతిలోని సాధనాలు కూడా ఏటా తగ్గుతున్నాయి. ఒకప్పుడు సిఫారసుల్లో కనిపించిన అలాక్లోర్ 2018 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం 2020 చివరి నుంచి నిషేధానికి గురయింది. ట్రైఫ్లూరాలిన్‌ను గోధుమకు తప్ప మిగిలిన పంటలన్నిటికీ అదే ఉత్తర్వు ఆపేసింది. 2020 మే నెలలో ప్రకటించిన 27 మందుల నిషేధ ముసాయిదాలో పెండిమిథాలిన్ పేరు కూడా ఉండింది, చివరి నిర్ణయంలో అది బయటపడింది. ఒకే మందు మీద నిలిచిన పద్ధతికి ఇది చెప్పుకోదగిన హెచ్చరిక.

కూలి ప్రశ్నను ఈ రెండు పక్షాలూ తమకు అనుకూలంగా చదువుకుంటాయి. కలుపు తీత తెలుగు పల్లెల్లో దాదాపు పూర్తిగా ఆడవాళ్ళ పని. మందు కొట్టిన ప్రతి ఎకరం వారి చేతిలోని కొన్ని పనిదినాలను తగ్గిస్తుందని ఒక వాదన. వంగి వంగి నడుములు పడిపోయే ఆ పని తగ్గడం మేలేనని మరొక వాదన. దిగుబడి లెక్కలతో ఈ వివాదం తెగదు, ఎందుకంటే రైతు ఖర్చుగా రాసుకునే ఆ మొత్తమే కూలికి ఆదాయం.

గట్టు మీది కలుపు: వయ్యారిభామ, వైరస్, ఒక పెంకుపురుగు

ఈ చర్చలో అత్యంత ఆసక్తికరమైన అధ్యాయం చేను వెలుపల జరిగింది. 1997లో కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో పొద్దుతిరుగుడు మీద కొత్త తెగులు కనిపించింది. ఆకు ఒక పక్క నుంచి మాడినట్టు ఎండిపోయి మెలితిరగడం, తొడిమ మీద, కాండం మీద నల్లని చారలు, పువ్వు వంకరపోవడం దాని లక్షణాలు; లేత దశలో సోకితే మొక్కే చచ్చిపోయేది. నెక్రోసిస్ అని పిలిచిన ఈ తెగులుకు కారణం పొగాకు చారల వైరస్ అని తేలింది. రెండు మూడేళ్ళలోనే అది ఆంధ్ర, తమిళనాడు, మహారాష్ట్రల్లోని చేలకు పాకింది. 2000 సంవత్సరంలో ఇదే వైరస్ అనంతపురం జిల్లా వేరుశనగను కాండం కుళ్ళు రూపంలో దెబ్బతీసి, దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం కలిగించింది.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలూ వారి సహచరులూ చేసిన పరిశోధన ఈ తెగులు నడిచే దారిని బయటపెట్టింది. వయ్యారిభామ మొక్కకు ఈ వైరస్ సోకినా పైకి ఏ లక్షణమూ కనిపించదు. ఏడాది పొడుగునా పూసే ఆ మొక్క పుప్పొడి వైరస్‌ను మోస్తుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకుని పైరు మీద వాలి, ఆకును గీకి రసం పీల్చినప్పుడు ఆ గాయాల గుండా వైరస్ లోపలికి దిగుతుంది. ఈ ఒక్క విషయంతో కలుపు ప్రశ్న ముఖమే మారిపోయింది. చేలోపల ఒక్క గడ్డిపోచ కూడా లేకుండా చూసుకున్న రైతు, గట్టు మీద పూసిన వయ్యారిభామను వదిలేస్తే పంట పోగొట్టుకోవచ్చు. పైగా ఆ గట్టు చాలాసార్లు అతనిది కాదు. రోడ్డు పక్క నేలదో, కాలువ కట్టదో, బీడుగా వదిలిన పొరుగువాడి పొలానిదో అయి ఉంటుంది.

సిఫారసులు దీనికి తగినట్టు మారాయి. విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ పట్టించడం, చేను చుట్టూ మూడు నాలుగు వరుసల జొన్న గాని సజ్జ గాని ముందుగా విత్తి తామర పురుగుకు తెరకట్టడం, వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయడం ఆ మార్పులో ముఖ్యమైనవి. మొదటి రెండూ రైతు ఒక్కడే చేయగలిగినవి. మూడవది ఊరంతా కలిసి చేయవలసినది కాబట్టి అన్నిటికన్నా ఎక్కువగా వినబడేదీ, తక్కువగా అమలయ్యేదీ అదే. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ చొరవతో ఏటా ఆగస్టులో వయ్యారిభామ అవగాహన వారం జరుపుతున్నా, రబీ పంటకు గట్లు శుభ్రం కావలసినది అక్టోబరు, నవంబరు నెలల్లో.

వయ్యారిభామ మీద జీవనియంత్రణ ప్రయోగం ఈ కథలో మరో మలుపు. ఈ మొక్కను 1950ల నడుమ పుణెలో గుర్తించిన తరువాత రెండు మూడు దశాబ్దాల్లో అది దేశమంతా అల్లుకుంది. అమెరికా గోధుమల వెంట వచ్చిందన్న ప్రచారం జనంలో గట్టిగా నాటుకుంది గాని, అంతకు ముందే ఇక్కడ ఉన్నదనే శాస్త్రజ్ఞులూ ఉన్నారు. దీనిని తిని బతికే జైగోగ్రామా అనే చిన్న పెంకుపురుగును 1983లో మెక్సికో నుంచి బెంగళూరుకు తెచ్చి, పరీక్షల తరువాత 1984లో విడిచిపెట్టారు. పురుగు నిలదొక్కుకుని బెంగళూరు చుట్టుపక్కల వయ్యారిభామను ఆకు మిగలకుండా తినడం మొదలుపెట్టింది. అంతలో 1990ల తొలినాళ్ళలో అది పొద్దుతిరుగుడు ఆకులు కొరుకుతున్నదన్న వార్తలు కర్ణాటక నుంచి వచ్చాయి. కలుపును తినడానికి తెచ్చిన పురుగు పంట మీద పడిందన్న భయంతో వివాదం రేగి, ప్రభుత్వం నిజనిర్ధారణ సంఘాన్ని వేసింది, కొత్తగా పురుగును వదలడం ఆగింది.

తరువాతి పరీక్షల్లో తేలిన సంగతి నెక్రోసిస్ కథను గుర్తుచేస్తుంది. పొద్దుతిరుగుడు ఆకుల మీద వయ్యారిభామ పుప్పొడి రాలి ఉన్నప్పుడే పెద్ద పురుగులు వాటిని కొరికాయి; పుప్పొడి లేని ఆకుల మీద వాటి ఆసక్తి నామమాత్రం, ఆ పైరు మీద అవి తరం నిలుపుకోలేకపోయాయి. కలుపు దట్టంగా ఉండి దాని ఆకులు అయిపోయినచోట, ఆకలితో అంచు సాళ్ళ మీదికి వచ్చిన పురుగుల పని అది. 1990ల చివరికి వివాదం చల్లారి పురుగు వాడకం తిరిగి సాగింది. వైరస్ విషయంలోనూ, పురుగు విషయంలోనూ ముద్దాయి ఒకటే: చేను పక్కన పూతకు వచ్చేదాకా వదిలేసిన వయ్యారిభామ.

ఈ పురుగు డెల్టా రైతును గట్టెక్కిస్తుందని ఆశించడం మాత్రం అత్యాశే అవుతుంది. ఇది వానకాలంలో చురుకుగా తిని, చలికాలం మొదలయ్యేసరికి ఎక్కువ భాగం నేలలోకి దిగి నిద్రావస్థలో ఉండిపోతుంది. డెల్టాలో పొద్దుతిరుగుడుకు వీలున్నది సరిగ్గా ఆ నెలల్లోనే.

కలుపు ఇచ్చిన తట్టుకునే గుణం

అమెరికాలో కథ మరోలా నడిచింది. అక్కడ అడవి పొద్దుతిరుగుడు తానే సోయా, మొక్కజొన్న చేలలో కలుపు. 1996లో కాన్సస్ రాష్ట్రంలోని ఒక సోయా చేలో ఏళ్ళ తరబడి ఇమజెథాపిర్ కొట్టినా చావని అడవి పొద్దుతిరుగుడు మొక్కలను గుర్తించారు. ఇమిడజోలినోన్ వర్గానికి చెందిన ఆ మందు మొక్కలో కొన్ని ముఖ్యమైన అమైనో ఆమ్లాలు తయారయ్యే ఎంజైమును ఆపుతుంది. ఆ మొక్కల్లో ఎంజైము స్వల్పంగా మారినందున మందు పట్టలేదు. ప్రజననకారులు ఆ గుణాన్ని మామూలు సంకరణం ద్వారా సాగు రకాల్లోకి తెచ్చి 2003లో క్లియర్‌ఫీల్డ్ పేరుతో మార్కెట్‌లోకి దించారు. ట్రైబెన్యూరాన్ అనే మరో మందును తట్టుకునే రకాలు కూడా వచ్చాయి. నేడు తుర్కియే, రుమేనియా, ఉక్రెయిన్, అర్జెంటీనా సాగులో ఈ రకాలది పెద్ద వాటా. పైరుకు హాని లేకుండా వెడల్పాకు కలుపును, అదనంగా ఒరబాంకిని అదుపు చేయడం వీటి ఆకర్షణ.

ఇవి జన్యు మార్పిడి పంటలు కావు కాబట్టి ఆ చట్టపు చిక్కులు వీటికి వర్తించవు. ఇదే తరహా తట్టుకునే గుణం ఉన్న బాస్మతి వరి రకాలను ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 2021లో విడుదల చేయడంతో ఈ మార్గం దేశానికి పరిచయమైంది కూడా. అనుకూలురు దీనిని కూలీల కొరతకు జవాబుగా చూపుతారు. భారతదేశంలో పొద్దుతిరుగుడుకు అడవి బంధువులు లేవు కనుక తట్టుకునే గుణం వాటికి పాకుతుందన్న అమెరికా భయం ఇక్కడ లేదని వారి మాట. ఆ మాట నిజమే గాని సగమే. అడవి బంధువు లేకపోయినా, ఒకే తరహా మందును ఏటా కొడితే మామూలు కలుపే అలవాటు పడుతుంది. పంజాబ్, హర్యానా గోధుమ చేలలో గుల్లీదండా గడ్డి ఐసోప్రోట్యూరాన్‌ను లెక్కచేయకపోవడం 1990ల నుంచి అందరికీ తెలిసిన పాఠం. డెల్టా మినుములో ఇమజెథాపిర్ వాడకం ఇప్పటికే మామూలయింది. అదే వర్గపు మందును అదే నేలలో మరో పంట మీదికి కూడా తేవడం ఆ ప్రమాదాన్ని దగ్గరకు పిలవడమే.

మాగాణిలో లెక్క వేరు

మెట్టలో రూపుదిద్దుకున్న ఈ వాదాలు డెల్టాకు అలాగే సరిపోవు. సార్వా వరి కోశాక నేల బురద ఆరి బండబారుతుంది. దుక్కి చేస్తే పెడ్డలు లేచి తడి పోతుంది. అందుకే ఇక్కడి రెండో పంటలు దుక్కి లేకుండా పుట్టాయి. మినుమును వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలువు పైరులోనే చల్లుతారు, మొక్కజొన్నను కోత తరువాత తాడు పట్టి, రంధ్రాలు చేసి విత్తుతారు. పొద్దుతిరుగుడు వేసినా మొక్కజొన్న దారిలోనే వేయాలి. అప్పుడు గుంటక పక్షం చేతిలోని ముఖ్య సాధనం పోతుంది. కొయ్యకాళ్ళ మధ్య గుంటక నడవదు. మందు పక్షానికీ ఇబ్బందే, కొయ్యకాళ్ళు, గడ్డి కప్పిన నేల మీద పెండిమిథాలిన్ సమంగా పడదు. పైగా ఇక్కడి తొలి కలుపు కొత్తగా మొలిచిన గింజ కాదు, కోసిన వరి దుబ్బుల నుంచి లేచే పిలకలు. వాటిని, అప్పటికే నిలబడి ఉన్న ఊదను విత్తనానికి ముందే వదిలించుకోవాలి.

పరాన్న కలుపు విషయంలో డెల్టాకు తన సొంత అనుభవం ఉంది. మాగాణి మినుమును బంగారుతీగ ఎలా అల్లుకుని పసుపు వలలా కప్పేస్తుందో ఈ ప్రాంతపు రైతులందరికీ తెలుసు; మినుము నుంచి మొక్కజొన్నకు మళ్ళడానికి పల్లాకు తెగులుతోపాటు అది కూడా ఒక కారణం. బంగారుతీగ మళ్ళీ రాకుండా పైరు మార్చడంలో పొద్దుతిరుగుడుకు ఒక పాత్ర ఉండవచ్చునన్న ఆలోచన ఆకర్షణీయమైనది. ఒరబాంకి మాత్రం మరో హెచ్చరిక. ఆంధ్ర పొగాకు రైతులు మల్లె అని పిలిచే ఒరబాంకి జాతికి దగ్గరి బంధువే నల్లసముద్రం చుట్టూ పొద్దుతిరుగుడును పీడిస్తున్నది. ధూళిలాంటి దాని గింజలు పదేళ్ళకు పైగా నేలలో బతికే ఉంటాయి. అది ఇక్కడి పొద్దుతిరుగుడుకు సోకలేదు. బయటినుంచి వచ్చే విత్తనం మీద నిఘా ఉన్నంతకాలం సోకకుండా చూడవచ్చు.

మందుల తుంపర, శేషాల సమస్య డెల్టాలో ఇంకా సూటిగా తగులుతుంది. పొద్దుతిరుగుడు 2,4-డి మందుకు అతి సున్నితమైన పంటల్లో ఒకటి. దాళ్వా వరిలోనూ మొక్కజొన్నలోనూ ఆ మందు వాడతారు, ఎకరం అరెకరం కమతాల మధ్య గట్టు వెడల్పు మూడడుగులు మించదు. గాలికి వచ్చిన తుంపర పడితే లేత ఆకులు, తొడిమలు మెలితిరిగి కిందికి వంగుతాయి. వైరస్ సోకినా మొక్క పైభాగం మెలితిరుగుతుంది కాబట్టి రైతు ఒకదాన్ని మరొకటిగా పొరబడే అవకాశం ఎక్కువ. వైరస్‌లో ఆకు మాడిన గోధుమ రంగు మచ్చలు, కాండం మీద చారలు తప్పకుండా తోడవుతాయి. తుంపర దెబ్బ చేను ఒక పక్కనే, గాలివాటున, ఒకే రోజు కనిపిస్తుంది. శేషాల సంగతికి వస్తే, వరిలో వాడిన మందులు నెలల తరబడి నీటిలో నానిన తరువాత పెద్దగా మిగలవు. ఫిబ్రవరి, మార్చిలలో మినుము తీసిన వెంటనే వేసవి పంటగా పొద్దుతిరుగుడు వేస్తే ఇమజెథాపిర్, నందిగామ, జగ్గయ్యపేట మెట్టల్లో ఖరీఫ్ మొక్కజొన్న తరువాత వేస్తే అట్రజిన్ ఆలోచించవలసినవి. క్షారగుణమున్న నల్లనేలల్లో అట్రజిన్ నెమ్మదిగా విరుగుతుంది కనుక ఆ జాగ్రత్త అక్కడ రెండింతలు అవసరం.

పక్షాలను పక్కపక్కన పెడితే

గుంటక పక్షం మొదటి ప్రశ్నకు మెట్టలో చక్కని జవాబు, మాగాణిలో అరకొర జవాబు. గట్టు మీది కలుపు గురించి దాని దగ్గర మాటే లేదు. మందు పక్షం మొదటి ప్రశ్నకు కూలీలు దొరకనిచోట పనికొస్తుంది, గట్టు దగ్గర ఆగిపోతుంది, మూడవ ప్రశ్నలో తానే సమస్యలో భాగమవుతుంది. మందు తట్టుకునే రకాల వాదం మొదటి ప్రశ్నకు అన్నిటికన్నా సూటి జవాబిస్తూనే మూడవదాన్ని జటిలం చేస్తుంది. గట్ల పారిశుద్ధ్యం కోరే పక్షం ఒక్కటే రెండవ ప్రశ్నను ఎదుర్కొంటున్నది. దాని బలహీనత శాస్త్రంలో కాక, గట్టు ఎవరిదన్న తగవులో ఉంది. ఈ పంట వెనుకబడిన చరిత్రను బట్టి చూస్తే, పోటీ వల్ల పోయిన బస్తాల కన్నా వైరస్ భయం వల్ల పోయిన ఎకరాలే ఎక్కువని చెప్పవలసి ఉంటుంది. అయినా పరిశోధనా పత్రాల్లోనూ విస్తరణ కరపత్రాల్లోనూ మొదటి ప్రశ్నకు దక్కిన చోటు రెండవదానికి దక్కలేదు.

తేలవలసినవి

పొద్దుతిరుగుడు వేళ్ళు, ఆకులు, ఎండిన కట్టె నుంచి వెలువడే రసాయనాలు ఇతర మొక్కల మొలకను అణచివేస్తాయని స్పెయిన్‌తో సహా పలు దేశాల ప్రయోగశాలల్లో రుజువయింది. ఆ గుణం చేలో కలుపును ఎంత తగ్గిస్తుందో, తరువాతి పంటకు ఎంత హాని చేస్తుందో చెప్పే పొలం లెక్కలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఈ పంట తరువాత నేల చచ్చిపోతుందన్న రైతుల మాటలో దీని పాలెంత, నీటినీ పోషకాలనూ లోతునుంచి లాగేయడం పాలెంత అన్నది విడదీయవలసి ఉంది. 2021లో మిరపను ఊడ్చిపెట్టిన నల్ల తామర పురుగు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో స్థిరపడిన తరువాత పుప్పొడి ద్వారా వైరస్ వ్యాప్తిలో దాని పాత్ర ఏమిటన్నది మరో ప్రశ్న. అన్నిటికన్నా ముందు తేలవలసింది, దుక్కి లేని మాగాణిలో కొయ్యకాళ్ళ మధ్య ఈ పంటకు ఏ కలుపు పద్ధతి గిట్టుబాటవుతుందన్నది. లాం, ఘంటసాల, గరికపాడు వంటి ఈ ప్రాంతంలోని పరిశోధన స్థానాలే దానికి జవాబు చెప్పగలవు. మెట్టలో చేసిన ప్రయోగాల ఫలితాలను ఇక్కడికి తెచ్చి అతికించడం సరికాదు.

ఆ జవాబు వచ్చేదాకా విస్తరణ పథకాలు కనీసం రెండు పనులు చేయవచ్చు. పంట వేయబోయే ఊళ్ళలో కాలువ కట్టల, రోడ్ల అంచుల వయ్యారిభామను విత్తనానికి ముందే, పూత రాకముందే తీయించే బాధ్యతను ఆ నేలలు ఎవరి చేతిలో ఉన్నాయో ఆ శాఖలకే అప్పగించాలి. ఎకరాకు రెండు, రెండున్నర కిలోల విత్తనాన్ని రైతు చేతిలో పెట్టేముందు అతని పొలంలో కిందటి పంటకు ఏ కలుపు మందు కొట్టారో, పక్క చేలో ఈసారి ఏ పంట ఉండబోతున్నదో అడిగి రాసుకోవాలి.